ట్రాక్ కారులో పోయిన టర్బో ఇంజిన్‌ని మార్చడం

కొత్త ఇంజిన్‌కి అడ్వాన్స్ కట్టే ముందు పాతది ఎందుకు పోయిందో తేల్చుకోండి. చేయి తిరిగినవాళ్లకు ఇంజిన్ దించి ఎక్కించడం రెండు మూడు రోజుల పనే. కారణం తేలకుండా ఎక్కిస్తే మాత్రం ఆ పనంతా మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి.

ఎందుకు పోయింది?

ఆయిల్ ఫిల్టర్ విప్పి డబ్బాని కోయండి. లోపలి కాగితాన్ని పిండి, తెల్లటి గుడ్డ మీద పరిచి వెలుతురులో చూడండి. అయస్కాంతానికి అంటని వెండి రంగు రేకులు కనిపిస్తే అవి బేరింగ్ పైపొరవో, పిస్టన్ అల్యూమినియానివో. రాగి రంగు తగిలితే బేరింగ్ లోపలి పొర దాకా అరిగినట్టే. అయస్కాంతం పట్టుకునే రజను క్రాంక్, రింగులు, చైన్ లాంటి ఇనుప భాగాలది.

ట్రాక్ మీద రాడ్ బేరింగ్ (పిస్టన్ రాడ్ క్రాంక్‌ని పట్టుకునే చోటిది) పోతే మొదట అనుమానించాల్సింది మలుపుల్ని. పొడవాటి మలుపులో ఆయిల్, ఇంజిన్ అడుగున అది నిలిచే తొట్టిలో (సంపు) ఒక పక్క గోడకు ఎగబాకుతుంది, ఆయిల్‌ని పంపుకి లాగే పికప్ పైపు గాలి పీలుస్తుంది. ప్రెషర్ అరసెకను పడిపోతే చాలు, 7000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ ఆ లోపు 58 చుట్లు తిరిగేస్తుంది. ఎర్ర లైటు వెలిగేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. ఇలా పోయిన ఇంజిన్ స్థానంలో ఎంత ఖరీదైనది పెట్టినా, సంపులో బ్యాఫిల్ (ఆయిల్ పక్కకి పోకుండా ఆపే అడ్డు రేకు) వేయకపోతే అదే మలుపులో అదీ పోతుంది.

పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగితే కారణం చాలావరకు నాకింగే, అంటే ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండడమే. ఆ సిలిండర్లో కంప్రెషన్ పడిపోతుంది, నీలం పొగ వస్తుంది, క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి డిప్‌స్టిక్ పైకి తన్నుకొస్తుంది. స్పార్క్ ప్లగ్ పింగాణీని భూతద్దంతో చూస్తే మిరియపు పొడి చల్లినట్టు సన్నటి మెరిసే చుక్కలు ఉంటాయి, అది కరిగిన పిస్టనే. ఒక్క సిలిండరే పోతే దాని ఇంజెక్టర్‌ని అనుమానించి, మొత్తం సెట్‌ని ఫ్లో టెస్టుకి పంపండి. అన్నీ దెబ్బతింటే ఫ్యూయల్ పంపు, ట్యూనింగ్, బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) కంట్రోల్ చూడాలి.

ఏ ఇంజిన్ కొనాలి?

సెకండ్ హ్యాండ్‌ది అయితే లీక్‌డౌన్ టెస్టులో (సిలిండర్లోకి గాలి పెట్టి ఎంత కారుతుందో చూడటం) ప్రతి సిలిండర్లోనూ కారేది 10 శాతం లోపు ఉండాలి. బోరోస్కోప్‌తో (సన్నటి గొట్టం కెమెరా) సిలిండర్ గోడల మీద నిలువు గీతలున్నాయేమో చూడండి. ఇంజిన్ స్టాండు మీద ఉండగానే సంపు విప్పి రాడ్ బేరింగులు, రాడ్ బోల్టులు కొత్తవి వేయడం మంచిది. కారులోకి ఎక్కాక ఆ పనికి నాలుగింతల శ్రమ.

ఫోర్జ్‌డ్ (సాగగొట్టి చేసిన గట్టి) పిస్టన్లతో కట్టించేటట్టయితే కొలతలు రాతపూర్వకంగా అడగండి. బూస్ట్ ఉన్న ఇంజిన్లో పై రింగ్ గ్యాప్ సుమారుగా బోరుకి (సిలిండర్ వ్యాసం) వెయ్యింట 5 వంతులు, అంటే 86 మి.మీ. బోరుకి 0.43 మి.మీ. తక్కువైతే వేడికి రింగు కొసలు ఢీకొని గట్టు విరుగుతుంది, అదే కాస్త ఎక్కువైతే కొంచెం ఆయిల్ తాగుతుందంతే. రాడ్ బేరింగ్ క్లియరెన్స్ జర్నల్ (బేరింగ్ కూర్చునే క్రాంక్ భాగం) వ్యాసంలో వెయ్యో వంతు దగ్గర ఉండాలి, 48 మి.మీ.కి దాదాపు 0.05. ఆఖరి మాట మాత్రం పిస్టన్, బేరింగ్ తయారీదారు ఇచ్చిన షీటుదే.

పాత రజను దాక్కునే చోట్లు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. బేరింగ్ పోయిన ఇంజిన్ తన రజనుని ఆయిల్ వెళ్లే ప్రతి సందులోకీ పంపుతుంది.

ఆయిల్ కూలర్‌ని కడగొద్దు, మార్చేయండి. లోపలి సన్నటి రెక్కల్లో ఇరుక్కున్న రజను ఎంత సాల్వెంట్ పోసినా పూర్తిగా రాదు. వేడి ఆయిల్ ప్రెషర్‌తో కొట్టినప్పుడు మాత్రం వస్తుంది, అది కూడా కొత్త బేరింగుల్లోకి. కూలర్ పైపులు, థర్మోస్టాట్ ప్లేటు కూడా విప్పి శుభ్రం చేయాలి. ఆయిల్ పంపు కొత్తదే వేయండి.

టర్బో షాఫ్టుని వేళ్లతో ముందుకీ వెనక్కీ ఆడించండి. ఆ దిశలో ఆట చేతికి తెలిసిందంటే టర్బో రిపేరుకి వెళ్లాల్సిందే. పిస్టన్ ముక్కో వాల్వ్ ముక్కో విరిగి ఎగ్జాస్ట్‌లోకి పోయి ఉంటే టర్బైన్ రెక్కల అంచులు చూడండి. ఒక్క అంచు వంగినా బ్యాలెన్స్ పోతుంది. ఆయిల్ ఫీడ్ పైపు కొత్తది వేయండి. కొన్నిటిలో బ్యాంజో బోల్టు (మధ్యలో ఆయిల్ పారే బోలు బోల్టు) లోపల చిన్న జల్లెడ ఉంటుంది, అది మూసుకుపోతే కొత్త టర్బో కూడా నిమిషాల్లో పోతుంది.

ఇంటర్‌కూలర్‌లో ఆయిల్ మాత్రమే ఉంటే సాల్వెంట్ పోసి, రెండు వైపులా ఊపి, తేటగా వచ్చేదాకా కడగొచ్చు. లోహం ముక్కలు చేరితే మార్చడమే. వాల్వ్ టైమింగ్ సోలినాయిడ్ల జల్లెడలు చిన్నవి కాబట్టి అందరూ మర్చిపోతారు.

దించడం

బ్యాటరీ నెగటివ్ తీయండి. పోయిన ఇంజిన్‌ని స్టార్ట్ చేసి ఫ్యూయల్ ప్రెషర్ తగ్గించడం కుదరదు కాబట్టి, రైలు వాల్వు మీద గుడ్డ కప్పి నెమ్మదిగా వదలండి. ఏసీ గ్యాసు తీయకుండా కంప్రెసర్‌ని పైపులతో సహా పక్కకి కట్టేయొచ్చు. ప్రతి కనెక్టర్‌కీ టేపు మీద నంబరు రాయండి, బోల్టులు ఎక్కడివక్కడ సంచుల్లో వేయండి. టర్బో నట్లకి ముందు రోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఉంచితే స్టడ్లు విరగవు. క్రేన్ ఎత్తే ముందు ఎర్త్ పట్టీ, కూలెంట్ పైపు, గేర్‌బాక్స్ వైరు ఏవైనా మిగిలాయేమో చేత్తో తడిమి చూడండి.

ఎక్కించడం

టార్క్-టు-యీల్డ్ బోల్టులు (బిగించినప్పుడు సాగిపోయేవి) మళ్లీ వాడొద్దు. ఫ్లైవీల్ బోల్టులు, వెనక ఆయిల్ సీలు, పైలట్ బేరింగ్, రిలీజ్ బేరింగ్ ఇప్పుడే మార్చండి. వీటికోసం మళ్లీ గేర్‌బాక్స్ దించడం శుద్ధ దండగ.

సంపుకి సిలికాన్ 2–3 మి.మీ. గీత చాలు. ఎక్కువ పెడితే లోపలికి పిండుకొచ్చి, నూడుల్స్‌లా వేలాడి, తెగి పికప్ జల్లెడకు అడ్డుపడుతుంది. నాక్ సెన్సర్ (నాకింగ్ శబ్దం పట్టేది) కింద వాషర్ పెట్టకండి, రంగు గానీ తుప్పు గానీ ఉండకూడదు. బల్లపరుపు రకానికి సాధారణంగా 20 న్యూటన్ మీటర్ల టార్క్. వదులైనా బిగువైనా అది తప్పుగా వింటుంది.

ఇంజిన్, గేర్‌బాక్స్ డోవెల్ పిన్నుల (రెండిటినీ సరిగ్గా కుదిర్చే పిన్నులు) మీద చేతి బలంతోనే కలవాలి. సందు మిగిలితే బోల్టులతో లాగొద్దు. క్లచ్ హబ్ వంగుతుంది, లేదా గేర్‌బాక్స్ చెవి పగులుతుంది. ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ పూర్తిగా కూర్చోకుండా బిగిస్తే గేర్‌బాక్స్ ఆయిల్ పంపు అక్కడికక్కడే పోతుంది.

టర్బో ఆయిల్ రిటర్న్ పైపు ఎక్కడా పైకి లేవకుండా కిందికే దిగాలి. మడత పడితే ఆయిల్ సీళ్ల గుండా తన్నుకొచ్చి పొగ వస్తుంది. నేరం మాత్రం టర్బో మీద పడుతుంది.

మొదటి స్టార్ట్

స్పార్క్ ప్లగ్గులు తీసి, ఇంజెక్టర్ల ఫ్యూజు పీకండి. టర్బో ఫీడ్ రంధ్రంలో కొంచెం ఆయిల్ పోసి, 10 సెకన్ల చొప్పున క్రాంక్ చేయండి, మధ్యలో స్టార్టర్ చల్లారనివ్వండి. మెకానికల్ గేజులో ప్రెషర్ కనిపించాకే ప్లగ్గులు బిగించండి. బూస్ట్ ఇంజిన్‌కి ప్లగ్ గ్యాప్ 0.6–0.7 మి.మీ. దగ్గర, వేడి రేంజ్ ఒక మెట్టు చల్లనిది.

స్టార్ట్ అయ్యాక కొన్ని సెకన్లలో ప్రెషర్ రాకపోతే వెంటనే ఆపేయండి. కూలెంట్‌లో గాలి పోయేదాకా హీటర్ పూర్తిగా తిప్పి ఉంచండి. రేడియేటర్ ఫ్యాను తిరగడం, కింది హోస్ వేడెక్కడం కళ్లారా చూడాలి.

రన్నింగ్-ఇన్

మొదట మినరల్ బ్రేక్-ఇన్ ఆయిల్ వాడండి. ఐడిల్లో గంటలకొద్దీ వదిలేస్తే రింగులు కూర్చోవు, గోడలు నున్నబడి ఆయిల్ తాగడం మొదలవుతుంది. 2500–4500 ఆర్‌పీఎం మధ్య సగం థ్రాటిల్‌తో లాగడం, గేరులోనే యాక్సిలరేటర్ వదిలేయడం, ఈ రెండూ మార్చి మార్చి చేయండి. బూస్ట్ దాదాపు వద్దు. సుమారు 80 కిలోమీటర్లకి ఒకసారి, 500కి ఒకసారి ఆయిల్, ఫిల్టర్ మార్చి, ప్రతిసారీ ఫిల్టర్ కోసి చూడండి. మొదటి దాంట్లో సన్నటి బూడిద రంగు సహజం. రెండో దాంట్లో రేకులు కనిపిస్తే సంపు విప్పాల్సిందే.

ట్యూనింగ్‌కి ముందు ఇన్‌టేక్‌లో 1 బార్ గాలి పెట్టి, సబ్బు నీళ్లతో కీళ్లన్నీ చూడండి. పెట్రోలు మీద ఫుల్ బూస్ట్‌లో లాంబ్డా (గాలి–ఇంధనం నిష్పత్తి కొలత, 1 కన్నా తక్కువైతే ఇంధనం ఎక్కువ) 0.78–0.82 మధ్య ఉండాలి, ఫ్యూయల్ ప్రెషర్ బూస్ట్‌తో పాటు అంతే పెరగాలి. లాగ్‌లో అది కిందికి వంగుతుంటే పంపు చాలడం లేదు, ఆ పుల్ (ఫుల్ థ్రాటిల్ పరుగు) అక్కడే ఆపేయండి.

ట్రాక్‌కి తిరిగి వెళ్లిన రోజు ఆయిల్ ఫుల్ గీత దగ్గర ఉంచి, మొదటి సెషన్ 10 నిమిషాలకే ఆపండి. ఆయిల్ ప్రెషర్, పక్కకి లాగే జీ-ఫోర్స్ ఒకే గ్రాఫులో చూడండి. ప్రతి 1000 ఆర్‌పీఎంకీ 10 పీఎస్ఐ ఉంటే బాగున్నట్టు. ఏదో ఒక మలుపు దగ్గర మాత్రమే గీత పడిపోతుంటే, ఆ రోజుకి కారుని ట్రైలర్ ఎక్కించేయండి.