క్రూయిజ్‌లో ఊపు తక్కువ తగిలే క్యాబిన్ ఎంచుకోవడం

నెల్లూరు, ఒంగోలు వాళ్లకు క్రూయిజ్ ఎక్కడానికి దగ్గర రేవు చెన్నై. బుక్ చేసేటప్పుడు చాలామంది మొదట అడిగేది బాల్కనీ ఉందా అని. బస్సెక్కితేనే కడుపులో తిప్పే మనిషి ఇంట్లో ఉంటే మాత్రం క్యాబిన్ ఓడ పొడవులో ఎక్కడుందో ముందు అడగండి, ఎన్నో అంతస్తో తర్వాత. బాల్కనీ సంగతి ఆఖర్న చూసుకోవచ్చు.

అల ఎదురుగా వస్తే ఓడ ముందు భాగం లేచి వెనక భాగం దిగుతుంది, మళ్లీ అటుదిటు అవుతుంది. అల పక్కనుంచి తగిలితే ఓడ ఎడమకీ కుడికీ ఒరుగుతుంది. ఈ ఒరగడాన్ని తగ్గించడానికి చాలా క్రూయిజ్ ఓడలకు నీళ్లలో రెండు వైపులా స్టెబిలైజర్ రెక్కలుంటాయి. ముందూ వెనకా లేచి పడటాన్ని అవి ఆపలేవు. అసలు వాంతి తెప్పించేదేమో పైకీ కిందికీ నెమ్మదిగా సాగే ఊపు. అయిదారు సెకన్లకోసారి లేచి దిగితే తట్టుకోవడం మరీ కష్టం.

లెక్క వేస్తే తేడా తెలుస్తుంది. 200 మీటర్ల ఓడ మధ్యభాగం ఇరుసుగా రెండు డిగ్రీలు ఊగిందనుకోండి. మధ్య నుంచి 90 మీటర్లు ముందున్న క్యాబిన్ 3 మీటర్లకు పైగా లేస్తుంది. 10 మీటర్ల దూరంలో ఉన్నది 35 సెంటీమీటర్లే లేస్తుంది. అదే రెండు డిగ్రీలు పక్కకు ఒరిగితే, ఇరుసుకు 25 మీటర్ల ఎత్తున ఉన్న గది జరిగేది 87 సెంటీమీటర్లు. అందుకే పై అంతస్తులో మధ్య గది, కింది అంతస్తులో ముందు గది, ఈ రెండే మిగిలితే మధ్య గదే తీసుకోవాలి. రెండూ కలిసొస్తే, అంటే కింది అంతస్తులో మధ్యన దొరికితే, అంతకన్నా మంచి చోటు లేదు.

ఏజెంటు ‘మిడ్‌షిప్’, అంటే ఓడ మధ్యభాగం, అన్నంత మాత్రాన నమ్మకండి. కంపెనీ సైట్లో డెక్ ప్లాన్ (ఒక్కో అంతస్తులో గదులెక్కడున్నాయో చూపే పటం) దించుకుని, స్కేలుతో ఓడ మొత్తం పొడవు కొలిచి మూడు భాగాలు చేయండి. క్యాబిన్ నడిమి భాగంలో పడాలి. సరిగ్గా మధ్యకు కొంచెం వెనక్కి ఉన్నా మంచిదే. ఇక్కడే చాలామంది పొరబడతారు: కింది అంతస్తుల్లో గదులు కొన్నిసార్లు ఓడ ముందు సగంలోనే ఉంటాయి, ఆ వరసకు మధ్యలో ఉన్న గది ఓడకు మధ్యలో ఉన్నట్టు కాదు.

తర్వాత పై డెక్, కింది డెక్ ప్లాన్లు పక్కన పెట్టుకుని చూడండి. నెత్తిమీద వంటగదో, స్విమ్మింగ్ పూలో, డాన్స్ ఫ్లోరో ఉంటే ఊపు లేకపోయినా నిద్ర ఉండదు. లిఫ్టుకు నాలుగైదు గదుల దూరం చాలు, పెద్దవాళ్లకు నడక కూడా తక్కువ. బాగా వెనక గదులకు ప్రొపెల్లర్ అదురు తగులుతుంది, బాగా ముందు గదులకు లంగరు గొలుసు మోత.

కిటికీ లేని లోపలి గది చవక, ఓడ వెడల్పులో నడిమికి దగ్గర. కానీ కళ్లు తిరిగేవాళ్లకు దూరపు సముద్రపు గీత కనిపిస్తే చాలా ఉపశమనం. డబ్బు సరిపోతే కింది అంతస్తులో కిటికీ గదే తీసుకోండి. ‘గ్యారంటీ’ పేరుతో తక్కువ ధరకు ఇచ్చేవి మాత్రం వద్దు. అందులో గది నంబరు కంపెనీ ఇష్టం, కొసన పడేసినా మార్చమని అడిగే హక్కుండదు.

నెల కూడా చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండాలు ఎలా పడతాయో కావలి, కొత్తపట్నం వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఫిబ్రవరి, మార్చిలో సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది.

ప్రయాణంలో వాంతులు రాకుండా వేసుకునే అవోమిన్ లాంటి మాత్ర ఓడ కదలడానికి గంటా రెండు గంటల ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేస్తే కడుపులో నిలవదు. మత్తు వస్తుంది. గ్లాకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు.

ఇంత చూసుకున్నా గదిలో తిప్పుతుంటే ఫోను పక్కన పెట్టి, ఓడ మధ్యలో కింది అంతస్తున ఉండే లాబీకి వెళ్లి కిటికీ పక్కన కూర్చోండి. గది మార్చమని అడగాలంటే మొదటి రోజే రిసెప్షన్‌లో అడగండి, ఖాళీలుంటే అప్పుడే దొరుకుతాయి.