ప్రైమరీ పిల్లలకు ఆరుబయట పాఠం ఎలా చెప్పాలి?

పిల్లల్ని తరగతి గదిలోంచి బయటికి తీసుకెళ్లడం ఏమంత కష్టం కాదు. బయటికి వెళ్లాక అది పాఠంలా సాగడమే కష్టం. చాలా చోట్ల ఇది ఏడాదికోసారి వచ్చే పిక్నిక్‌లా ఉంటుంది. టోపీలు, లైను, గ్రూప్ ఫొటో, తిరుగు ప్రయాణం. పిల్లలకు సరదాగానే ఉంటుంది, కాదనను. కానీ మర్నాడు ‘ఏం చూశారర్రా?’ అని అడిగితే ‘చెట్లు చూశాం టీచర్’ అంటారు. అంతకు మించి ఒక్క ముక్క రాదు.

దీనికి పెద్ద అడవి అక్కర్లేదు. బడి ప్రహరీ పక్కన నాలుగు చెట్లు, కాస్త గడ్డి, కొంచెం ఖాళీ మట్టి ఉంటే చాలు. కొత్త చోట్లు వెతుక్కోవడం కన్నా అదే చోటికి వారం వారం, ఒక్కోసారి ఒక్కో ప్రశ్న పట్టుకుని వెళ్లడం మంచిది. మొదటిసారి పరుగులు, అరుపులే ఉంటాయి. చోటు అలవాటయ్యాకే పిల్లల చూపు నేల మీదికి దిగుతుంది.

ముందు మీరొక్కరే వెళ్లి చూసి రండి

పాఠానికి ఒకట్రెండు రోజుల ముందు, సరిగ్గా పాఠం జరిగే వేళకే వెళ్లండి. పొద్దున నీడగా ఉన్న చోటు పదకొండింటికి మండిపోతూ ఉండవచ్చు. తల పైకెత్తి చూడండి: తేనెపట్టు, కందిరీగల గూడు, విరిగి వేలాడుతున్న ఎండు కొమ్మ లాంటివి ఏమైనా ఉన్నాయా? కింద గాజు పెంకులు, మూతలేని గుంటలు, ముళ్లు ఉన్నాయా? ఆ తర్వాత మోకాళ్ల మీద కూర్చుని ఇంకోసారి చూడండి. మన నడుము దగ్గర ఉండే కొమ్మ ఆరేళ్ల పిల్లాడి కంటికి ఎదురుగా ఉంటుంది. నిలబడి చూస్తే ఈ సంగతి తట్టదు.

తల్లిదండ్రుల అనుమతితో పాటు, పురుగు కుడితే ఏ పిల్లలకైనా ఎలర్జీ వస్తుందా అన్నది కూడా రాయించుకోండి. మీతో ఇంకో పెద్దమనిషి తప్పకుండా ఉండాలి. ఒకరికి దెబ్బ తగిలితే వాళ్లను ఒకరు చూసుకుంటారు, మిగతా పిల్లల్ని ఇంకొకరు చూసుకుంటారు.

ఒక్క ప్రశ్న చాలు

‘ప్రకృతిని గమనించండి’ అంటే పిల్లలకు ఏం చేయాలో తోచదు. నిజానికి పెద్దవాళ్లకూ తోచదు. చూస్తే గానీ జవాబు దొరకని ప్రశ్న కావాలి. ‘ఈ చీమలు ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తున్నాయి?’ ‘నీడలో గడ్డికీ ఎండలో గడ్డికీ తేడా ఏంటి?’ ‘ఒకే కొమ్మ ఆకులన్నీ ఒకే కొలతలో ఉన్నాయా?’ ఇలాంటివి. ఆ వారం తరగతిలో నడుస్తున్న పాఠంలోంచే ప్రశ్న తీసుకుంటే ఇంకా మంచిది. అప్పుడు బయటికి వెళ్లడం వల్ల సిలబస్ వెనకబడుతుందన్న టెన్షన్ ఉండదు.

వెంట తీసుకెళ్లేవి

కాగితాలు, వాటి కింద పెట్టుకోవడానికి అట్టలు, పెన్సిళ్లు, జట్టుకో రెండు మీటర్ల తాడు, భూతద్దాలు, కొలత టేపు, ఒక ఈల, నీళ్లు, ప్రథమ చికిత్స డబ్బా. పెన్ను వద్దు, కాగితం తడిస్తే సిరా పాకుతుంది. భూతద్దం చేతికిచ్చే ముందే ఒక మాట గట్టిగా చెప్పండి: దాంతో సూర్యుణ్ణి చూడకూడదు, ఎండను ఎవరి ఒంటి మీదికీ, ఎండుటాకుల మీదికీ మళ్లించకూడదు.

మొదటి పది నిమిషాలు

హద్దులు మాటల్లో చెబితే చాలదు. నాలుగు చెట్లకు రంగు గుడ్డలు కట్టి, పిల్లల్ని ఆ అంచు వెంట ఒక చుట్టు నడిపించండి. ఈల వేస్తే అందరూ మీ దగ్గరికి చేరాలి. దీన్ని అసలు పని మొదలుకాక ముందే ఆటలా రెండుసార్లు చేయించండి.

తర్వాత శబ్దాల పటం. ఒక్కొక్కరూ విడిగా కూర్చుని కాగితం మధ్యలో తమకు గుర్తుగా చుక్క పెట్టుకోవాలి. కళ్లు మూసుకుని, వినిపించిన ప్రతి శబ్దాన్నీ అది వచ్చిన దిక్కులో గీయాలి. పిట్ట అయితే పిట్ట, బండి హారన్ అయితే హారన్. మొదటిసారి రెండు నిమిషాలకు మించి కూర్చోబెట్టకండి. అల్లరి పిల్లలు దీన్ని చెడగొడతారని భయపడతాం గానీ, చేతిలో పెన్సిల్, గీయడానికి ఒక పని ఉంటే చాలావరకు కుదురుగానే ఉంటారు.

తాడు వలయం

మొదటి నెలంతా ఈ ఒక్క పని మీదే నడపవచ్చు. రెండు మీటర్ల తాడు కొసలు ముడేసి నేల మీద గుండ్రంగా పరిస్తే సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పున్న వలయం వస్తుంది. ముగ్గురు నలుగురికి ఒక వలయం. అందులో ఏమేం ఉన్నాయో చూడాలి, బయటికి పోకూడదు. మొదట ‘గడ్డి ఉంది, అంతే’ అంటారు. ‘గడ్డి ఎన్ని రకాలు?’ అని అడిగి పక్కకు తప్పుకోండి. కాసేపటికి నేలకు పాకిన ఆకు, నాచు, పురుగు కొరికిన ఆకు, ఎండిన పిట్ట రెట్ట, గింజ పొట్టు ఒక్కొక్కటీ బయటపడతాయి.

పురుగులు కనిపించాక పేర్లతో మొదలుపెట్టకండి. కాళ్లు లెక్కపెట్టమనండి. ఆరు కాళ్లుంటే కీటకం. ఎనిమిది ఉంటే సాలీడు జాతి. తడి ఆకుల కింద, ముట్టుకుంటే ఉండలా చుట్టుకుపోయే చిన్న బూడిదరంగు ప్రాణి (ఇంగ్లిష్‌లో పిల్ బగ్) దొరికితే మీ అదృష్టం. బాగా ఎదిగినదానికి కాళ్లు 14. అది కీటకమే కాదు, రొయ్యలకూ పీతలకూ చుట్టం. మొప్పల్లాంటి అవయవాలతో గాలి పీల్చుకుంటుంది కాబట్టే తేమ వదిలి బతకలేదు. ‘మరి అది ఎండలో ఎందుకు కనబడదు?’ అని పిల్లలే అడిగే దాకా ఆగండి. రోకలిబండకు ఒంటి మీది చాలా కణుపుల్లో రెండేసి జతల కాళ్లుంటాయి, జెర్రికి ఒక్కో జతే. జెర్రి కుడుతుంది కాబట్టి ఈ తేడా తెలిసి ఉండటం వాళ్ల వేళ్లకూ మంచిది. చేత్తో పట్టుకోవడం మాత్రం ఏదీ వద్దు. రాళ్లు, దుంగలు తిప్పి చూపే పని పెద్దవాళ్లదే, అదీ కర్రతో. చూశాక ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేయాలి. అది ఒకరి ఇల్లు.

చీమల బారు కనిపిస్తే మిగతా పాఠం పక్కన పెట్టేయవచ్చు. గచ్చు మీదో, చెట్టు మొదలు మీదో సాగుతున్న బారుకు అడ్డంగా, చీమలు లేని క్షణం చూసి, తడి గుడ్డతో ఒక గీత తుడవండి. తుడిచిన చోటికి వచ్చిన చీమ ఠక్కున ఆగుతుంది. మీసాలు అటూ ఇటూ ఆడిస్తుంది, కొంచెం వెనక్కి వెళ్తుంది, మళ్లీ వస్తుంది. వెనకాల వచ్చేవి అక్కడే పోగవుతాయి. కాసేపటికి ఒకటి తెగించి దాటుతుంది, ఆ తర్వాత ఇంకొకటి, మెల్లగా బారు మళ్లీ కలుస్తుంది. చీమలు నడిచే దారి వెంట వాసన వదులుతాయనీ, ఆ జాడ పట్టుకునే మిగతావి వస్తాయనీ అప్పుడు చెప్పండి. ముందే చెప్పేస్తే చూడటానికి ఏమీ మిగలదు.

లెక్కలు కూడా బయటే

చిన్న తరగతులవాళ్లు చెట్టు చుట్టుకొలతను జానలతో కొలవాలి. ఒకడికి తొమ్మిది, ఇంకొకడికి పదకొండు వస్తాయి. ఇద్దరూ సరిగ్గానే కొలిచారు, మరి తేడా ఎలా వచ్చింది? వాళ్ల తగువు తేలాకే టేపు బయటికి తీయండి.

పెద్ద తరగతులకు చెట్టు ఎత్తు. సమతలంగా ఉన్న నేల మీద మీటరు కర్రను నిటారుగా నిలబెట్టి దాని నీడ కొలవాలి. వెంటనే చెట్టు నీడను మొదలు నుంచి కొస దాకా కొలవాలి. కర్ర నీడ 80 సెంటీమీటర్లు, చెట్టు నీడ 6 మీటర్లు అనుకుందాం. 6ని 0.8తో భాగిస్తే 7.5. చెట్టు ఎత్తు ఏడున్నర మీటర్లు. రెండు కొలతల మధ్య ఆలస్యం చేయకూడదు, సూర్యుడు ఆగడు. అదే కర్ర నీడ కొసను గంటకోసారి సుద్దతో గుర్తు పెడితే ఇంకో విషయం తెలుస్తుంది: అన్నిటికన్నా పొట్టి నీడ గడియారంలో సరిగ్గా పన్నెండింటికే పడాలని లేదు. దీని మీద ఐదో తరగతిలో ఒక పీరియడంతా వాదించుకోవచ్చు.

లోపలికి వచ్చాక

చేతులు సబ్బుతో కడగడం మొదటి పని. తర్వాత నోటుబుక్కులో మూడే ముక్కలు: ఏం చూశాను, ఏం అనుకుంటున్నాను, ఇంకా ఏం తెలుసుకోవాలి. రాయడం రానివాళ్లు బొమ్మ వేస్తారు. బొమ్మ అందంగా ఉందా అని చూడకండి, కాళ్లు ఆరు వేశారా అని చూడండి.

ఆ రోజే ఒక గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి కిటికీ దగ్గర పెట్టండి. ఇసుక ఒకట్రెండు నిమిషాల్లోనే అడుక్కి చేరుతుంది, సన్నటి ఒండ్రుకు గంటలు పడుతుంది, బంకమన్ను రేణువులు మర్నాటికి కూడా నీళ్లలో తేలుతూనే ఉండవచ్చు. సీసాను కదిలించవద్దని ఒక చీటీ అంటించండి. అయినా ఎవరో ఒకరు కదిలిస్తారు.

వానా, ఎండా

సన్నటి జల్లుకు పాఠం ఆపక్కర్లేదు, వానపాములు బయటికి వచ్చేది అప్పుడే. ఉరుము వినిపిస్తే మాత్రం మరో మాట లేకుండా లోపలికి. చెట్ల కింద నిలబడటం అన్నిటికన్నా ప్రమాదం. ఎండలు ముదిరిన రోజుల్లో పొద్దున్నే వెళ్లి, అరగంటలో ముగించండి.

హెడ్మాస్టర్‌కీ, తల్లిదండ్రులకీ ఏం చెప్పాలి?

‘చదువు మానేసి ఆటలా?’ అనే మాట వస్తుంది. వాదనకు దిగకుండా నోటుబుక్కులు చూపించండి. ఇంకా అడిగితే కళ్ల సంగతి చెప్పండి. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల మీద చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. బడిలో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపిన పిల్లల్లో మూడేళ్లలో హ్రస్వదృష్టి వచ్చినవాళ్లు దాదాపు 30 శాతం. మామూలుగా చదువుకున్నవాళ్లలో దాదాపు 40 శాతం. వారానికి ఒక్క పాఠంతో అంత ఫలితం వస్తుందని మాత్రం చెప్పకండి, ఆ పిల్లలు రోజూ వెళ్లారు.

మార్కులు అడుగుతారు. అప్పుడు నెల మొదట్లో ఒక పిల్లవాడు తన వలయం గురించి రాసిన పేజీనీ, నెలాఖరులో అదే చోటు గురించి రాసిన పేజీనీ పక్కపక్కన పెట్టండి. ఎన్ని కొత్త విషయాలు చేరాయి, ఎన్ని ప్రశ్నలు వాడే సొంతంగా వేశాడు అన్నవి లెక్కపెట్టి రిజిస్టర్లో రాస్తే సరిపోతుంది.