కెనడాలో స్టడీ పర్మిట్ ఎక్స్‌టెన్షన్ ఎలా చేసుకోవాలి?

కెనడాలో చదువుతున్న మన పిల్లల్లో చాలామంది వీసా, స్టడీ పర్మిట్ రెండూ ఒకటే అనుకుంటారు. పాస్‌పోర్టులో అతికించిన స్టిక్కర్ వీసా. దేశంలోకి రావడానికి అది కావాలి. ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ చేతికిచ్చిన విడి కాగితం స్టడీ పర్మిట్. ఇక్కడ ఉండి చదువుకోవడానికి అది కావాలి. వీసా గడువు ముగిసినా, మీరు కెనడాలోనే ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. పర్మిట్ గడువు దాటితే మాత్రం చదువూ పార్ట్‌టైమ్ పనీ రెండూ ఆపేయాల్సిందే. కాబట్టి ముందు ఆ కాగితం తీసి, దాని మీదున్న తేదీ చూడండి.

మొదట పాస్‌పోర్టు సంగతి చూసుకోండి

స్టడీ పర్మిట్ సాధారణంగా కోర్సు కాలానికి 90 రోజులు కలిపి ఇస్తారు. పాస్‌పోర్టు అంతకంటే ముందే అయిపోయేలా ఉంటే, పర్మిట్‌ను కూడా ఆ తేదీకే ఆపేస్తారు. రెండేళ్ల కోర్సులో చేరినవాళ్లకి ఏడాదిన్నరకే పర్మిట్ ముగిసిందంటే చాలాసార్లు కారణం ఇదే. పాత పాస్‌పోర్టుతోనే ఎక్స్‌టెన్షన్‌కి వెళితే కొత్త పర్మిట్ కూడా మళ్లీ పొట్టిదే వస్తుంది, ఫీజు రెండుసార్లు కట్టాలి. అందుకే ముందు పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకోండి. పోలీస్ వెరిఫికేషన్ ఇండియాలో మీ ఇంటి అడ్రసుకి వెళ్లే అవకాశం ఉంది కాబట్టి అమ్మానాన్నలకి ముందే చెప్పి ఉంచండి.

పర్మిట్ ముగియడానికి కనీసం 30 రోజుల ముందు అప్లై చేయమని ఇమిగ్రేషన్ శాఖ, అంటే ఐఆర్‌సీసీ చెబుతుంది. నేనైతే నాలుగు నెలల ముందు కాగితాలు మొదలుపెట్టి, రెండు నెలల ముందే సబ్మిట్ చేయమంటాను. కాలేజీ లెటర్‌కి ఒక వారం, బ్యాంకు కాగితాలకి ఇంకో వారం పోతాయి. ఆఖరి వారంలో పడే టెన్షన్‌లోనే ఏదో ఒక కాగితం మర్చిపోతాం.

మీకు కావాల్సింది నిజంగా ఎక్స్‌టెన్షనేనా?

కోర్సు పూర్తయిపోయి, మీరు వర్క్ పర్మిట్‌కి అర్హులైతే స్టడీ పర్మిట్ పొడిగించుకోవాల్సిన పని లేదు. పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్‌కి వెళ్లాలి. కోర్సు పూర్తయినట్టు కాలేజీ ధ్రువీకరించిన నాటి నుంచి 180 రోజుల్లోపు దానికి అప్లై చేయాలి. ఆ కాలంలో ఎప్పుడో ఒకప్పుడు మీ స్టడీ పర్మిట్ చెల్లుబాటులో ఉండాలి. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. పర్మిట్ మీద ఎంత దూరపు తేదీ ఉన్నా, కోర్సు పూర్తయిన 90 రోజులకి అది చెల్లదు.

కాలేజీ మారే ఆలోచన ఉంటే జాగ్రత్త. 2024 నవంబర్ 8 నుంచి నియమం మారింది. ఇంతకుముందు ఆన్‌లైన్‌లో సమాచారం ఇచ్చి మారిపోయేవాళ్లు. ఇప్పుడు కొత్త కాలేజీ పేరుతో మళ్లీ స్టడీ పర్మిట్‌కి అప్లై చేయాలి. అదే కాలేజీలో, అదే స్థాయి చదువు కొనసాగిస్తూ, పర్మిట్ గడువు ఉండగానే పొడిగించుకునేవాళ్లకి అక్కడి రాష్ట్ర (ప్రావిన్సు) ప్రభుత్వ అటెస్టేషన్ లెటర్, మనవాళ్లు పాల్ లెటర్ అనేది, అక్కర్లేదు. కాలేజీ గానీ స్థాయి గానీ మారితే అది కావాలో వద్దో ఫీజు కట్టకముందే కాలేజీని అడగండి. క్యూబెక్‌లో చదివేవాళ్లకి దీనికి తోడు సీఏక్యూ, అంటే క్యూబెక్ ప్రభుత్వం ఇచ్చే అంగీకార పత్రం కూడా చెల్లుబాటులో ఉండాలి.

అకౌంట్ మీ పేరుతో, మీ చేతిలో

మొదటిసారి అప్లికేషన్ ఇండియాలో కన్సల్టెన్సీ వాళ్లే చేసి ఉంటారు. లాగిన్ వాళ్ల దగ్గరే, ఈమెయిల్ కూడా వాళ్లదే. ఎక్స్‌టెన్షన్‌కి ఆ అకౌంట్ వాడకండి. ఐఆర్‌సీసీ వెబ్‌సైట్‌లో మీ సొంత ఈమెయిల్‌తో కొత్త అకౌంట్ తెరవండి. ఇంకేదైనా కాగితం కావాలని శాఖ అడిగితే ఆ మెసేజ్ అకౌంట్‌లోకే వస్తుంది, దానికి గడువు ఉంటుంది. ఆ మెసేజ్ మీరు చూడకపోతే దరఖాస్తు రిజెక్ట్ అయ్యే ప్రమాదం ఉంది. పర్మిట్ మీద ఉండే యూసీఐ నంబర్, అంటే శాఖ మీకిచ్చిన గుర్తింపు నంబర్ ఒక్కటే, అది మారదు. దాన్ని రాసి పెట్టుకోండి.

కాగితాలు

పాస్‌పోర్టులో స్టాంపులు ఉన్న పేజీలన్నీ, ఇప్పటి స్టడీ పర్మిట్, కాలేజీ ఇచ్చే ఎన్‌రోల్‌మెంట్ లెటర్, ఇప్పటివరకు చదివిన సెమిస్టర్ల ట్రాన్‌స్క్రిప్ట్, ఫొటో, డబ్బుకి రుజువులు, ఎందుకు పొడిగింపు కావాలో చెప్పే ఉత్తరం. ఎన్‌రోల్‌మెంట్ లెటర్‌లో మీరు ఫుల్‌టైమ్ చదువుతున్నారనీ, కోర్సు ఎప్పటికి పూర్తవుతుందనీ స్పష్టంగా ఉండాలి. ఆ పూర్తయ్యే తేదీ లేని లెటర్ ఇస్తే వెనక్కిచ్చి మార్పించుకోండి. కొత్త పర్మిట్ ఎప్పటిదాకా ఇవ్వాలో ఆఫీసర్ చూసేది అక్కడే.

డబ్బు విషయంలో 2025 సెప్టెంబర్ 1 నుంచి లెక్క పెరిగింది. క్యూబెక్ బయట, ఒంటరిగా ఉండే విద్యార్థికి ఏడాది ఖర్చుల కింద 22,895 కెనడియన్ డాలర్లు. ట్యూషన్ ఫీజు దీనికి అదనం. కెనడా బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఎడ్యుకేషన్ లోన్ శాంక్షన్ లెటర్‌తో పాటు ఇంకా ఎంత మిగిలి ఉందో చెప్పే బ్యాంకు లెటర్, నాన్నగారి ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ట్యూషన్ కట్టిన రసీదులు పెట్టొచ్చు. గత నెలలో ఒక్కసారిగా పది లక్షలు జమైతే, అవి పొలం అమ్మినవా, చిట్టీ పాడినవా, ఎవరిచ్చారు అన్నది కాగితంతో సహా చూపించండి. ఎక్కడిదో తెలియని డబ్బును ఆఫీసర్లు లెక్కలోకి తీసుకోకపోవచ్చు.

నా దృష్టిలో మొత్తం ఫైల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఆ ఉత్తరం. ఒక పేజీ చాలు. "ఉన్నత విద్యపై నాకున్న అపారమైన ఆసక్తి" లాంటి వాక్యాలు వద్దు. సబ్జెక్టు పోయి ఉంటే దాచకండి, ట్రాన్‌స్క్రిప్ట్‌లో అది ఎలాగూ కనిపిస్తుంది. ఇలా రాయండి: "రెండో సెమిస్టర్‌లో ఆరోగ్యం బాగోక డేటాబేస్ సబ్జెక్టులో ఫెయిలయ్యాను. డాక్టర్ కాగితం జతచేశాను. ఆ సబ్జెక్టును వచ్చే జనవరి సెమిస్టర్‌లో మళ్లీ చదువుతున్నాను. ఏప్రిల్‌తో కోర్సు పూర్తవుతుంది. అందుకే జులై చివరి వరకు పర్మిట్ కోరుతున్నాను." ఏం జరిగింది, దానికి రుజువేంటి, ఎప్పటికి పూర్తవుతుంది. ఈ మూడూ ఇంగ్లిష్‌లో సూటిగా రాస్తే సరిపోతుంది. మధ్యలో సెమిస్టర్ ఖాళీగా వదిలేసి ఉంటే, కాలేజీ అనుమతి ఇచ్చిన లెటర్ తప్పనిసరి. అనుమతి ఉన్నా ఆ సెలవు 150 రోజులు దాటకూడదు.

ఫారం దగ్గర

ఫారం పేరు ఐఎంఎం 5709. బ్రౌజర్‌లో తెరిస్తే చాలాసార్లు ఖాళీగా కనిపించి, ఆగమని ఒక మెసేజ్ చూపిస్తుంది. కంప్యూటర్‌లోకి డౌన్‌లోడ్ చేసి అడోబ్ రీడర్‌లో తెరవండి, ఫోన్‌లో కుదరదు. అన్నీ నింపాక వ్యాలిడేట్ బటన్ నొక్కాలి. ఏ గడి వదిలేశారో ఎర్రగా చూపిస్తుంది. అంతా సరిగా ఉంటే చివర బార్‌కోడ్ వస్తుంది. బార్‌కోడ్ వచ్చిన ఫైల్‌నే అప్‌లోడ్ చేయాలి.

పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మనకి మామూలే. ఫారంలో మాత్రం పాస్‌పోర్టే ప్రమాణం. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే, మొత్తం పేరును ఫ్యామిలీ నేమ్ గడిలో రాసి, గివెన్ నేమ్ గడిని ఖాళీగా వదలాలి.

ఒక్కో గడిలో ఒకే ఫైల్ పడుతుంది, 4 ఎంబీ దాటకూడదు. బ్యాంకు కాగితాలన్నీ ఒకే పీడీఎఫ్‌గా కలపండి. ఫీజు 150 డాలర్లు. ఇండియా నుంచి అప్లై చేసినప్పుడు ఇచ్చిన వేలిముద్రలు 10 ఏళ్లు చెల్లుతాయి కాబట్టి చాలామందికి బయోమెట్రిక్స్ ఫీజు పడదు.

సబ్మిట్ చేశాక

పర్మిట్ గడువులోపే అప్లై చేస్తే, నిర్ణయం వచ్చేదాకా మీకు మెయింటెయిన్డ్ స్టేటస్ ఉంటుంది. పాత షరతులతోనే చదువుకోవచ్చు. క్యాంపస్ బయట పనికి అర్హత ఉన్నవాళ్లు చదువు నడిచే రోజుల్లో వారానికి 24 గంటలు పని కూడా చేసుకోవచ్చు. మేనేజర్ పర్మిట్ అడిగితే పాత పర్మిట్‌తో పాటు సబ్మిషన్ కన్ఫర్మేషన్ లెటర్, ఫీజు రసీదు చూపించండి. ఈ రెండూ ఆ రోజే డౌన్‌లోడ్ చేసి దాచుకోండి.

అయితే ఈ రక్షణ పూర్తి అప్లికేషన్‌కే. ఫీజు తక్కువైందనో, తప్పనిసరి కాగితం లేదనో దరఖాస్తు వెనక్కి పంపేస్తే అసలు అప్లై చేయనట్టే లెక్క. పాత పర్మిట్ ముగిసిన రోజు నుంచే స్టేటస్ పోయినట్టు. రెండు నెలల ముందు సబ్మిట్ చేయమనడానికి అసలు కారణం ఇదే. వెనక్కి వచ్చినా మళ్లీ వేసుకోవడానికి టైమ్ ఉంటుంది.

ఇంకో సంగతి, నిర్ణయం వచ్చేలోపు ఇండియా ప్రయాణం పెట్టుకోకండి. అక్క పెళ్లి కావచ్చు, సంక్రాంతి కావచ్చు, మనసు లాగుతుంది. కానీ మెయింటెయిన్డ్ స్టేటస్‌లో ఉండగా దేశం దాటితే, తిరిగి రానిచ్చినా కొత్త పర్మిట్ వచ్చేదాకా చదవడానికీ పని చేయడానికీ వీల్లేదు. వెళ్లక తప్పకపోతే పర్మిట్ చేతికొచ్చాకే టికెట్ కొనండి. అమెరికా బోర్డర్ దాకా వెళ్లి వెంటనే పర్మిట్ తెచ్చుకునే పాత దారి కూడా 2024 డిసెంబర్ 23తో మూసేశారు.

కొత్త పర్మిట్ పోస్టులో వస్తుంది. ఇల్లు మారితే అడ్రస్ వెంటనే మార్చండి. రాగానే పేరు, పుట్టిన తేదీ, కాలేజీ, గడువు తేదీతో పాటు పని చేయొచ్చని చెప్పే వాక్యం ఉందో లేదో చూడండి. లేకపోతే సవరణ కోరండి. పని చేయడానికి కావాల్సిన, 9తో మొదలయ్యే మీ సిన్ (సోషల్ ఇన్సూరెన్స్) నంబర్ గడువు కూడా పాత పర్మిట్‌తోనే ముగుస్తుంది, సర్వీస్ కెనడాలో దాన్నీ పొడిగించుకోవాలి. వీసా తనంతట తాను పెరగదు. బయటికి వెళ్లే ఆలోచన ఉంటే కెనడాలో ఉండగానే విడిగా వీసాకి అప్లై చేసుకోండి.

తేదీ దాటిపోతే

స్టేటస్ పోయిన రోజు నుంచి 90 రోజుల్లోపు రెస్టొరేషన్‌కి, అంటే పోయిన స్టేటస్ తిరిగి ఇవ్వమని అప్లై చేయొచ్చు. పర్మిట్ ఫీజుకి తోడు రెస్టొరేషన్ ఫీజు కట్టాలి, ఎందుకు ఆలస్యమైందో చెప్పాలి. నిర్ణయం వచ్చేదాకా క్లాసులకి వెళ్లకూడదు, పని చేయకూడదు. ఎక్స్‌టెన్షన్ రిజెక్ట్ అయినప్పుడూ అంతే, రిజెక్ట్ చేసిన రోజు నుంచి ఆ 90 రోజులు లెక్క. భయపడి ఇంట్లోవాళ్లకి కూడా చెప్పకుండా ఒక్కళ్లే కూర్చోకండి. వాట్సాప్ గ్రూపుల్లో సలహాలు అడుగుతూ రోజులు పోగొట్టుకోకండి. మీ కాలేజీ ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో చాలాచోట్ల లైసెన్స్ ఉన్న ఇమిగ్రేషన్ అడ్వైజర్లు ఉంటారు, వాళ్లు విద్యార్థుల దగ్గర డబ్బు తీసుకోరు. పాత పర్మిట్, పాస్‌పోర్టు, వచ్చిన లెటర్ పట్టుకుని ఆ రోజే అపాయింట్‌మెంట్ తీసుకోండి. బయటి కన్సల్టెంట్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే, కన్సల్టెంట్లకి లైసెన్సులిచ్చే సంస్థ (కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్) వెబ్‌సైట్‌లోని పబ్లిక్ రిజిస్టర్‌లో వాళ్ల పేరు, లైసెన్స్ నంబర్ సరిచూసుకున్నాకే డబ్బు కట్టండి.