ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకుందాం – 6వ పాఠం: పికప్

పోయిన పాఠంలో స్ట్రింగులు మార్చాం. ఈసారి వాటి కింద ఉండి, వాటి కదలికను కరెంటుగా మార్చే పికప్ సంగతి చూద్దాం.

మన నల్లగొండ వైపు బోరు మోటారు కాలిపోతే వైండింగ్ షాపుకు మోసుకెళ్తాం కదా. అక్కడ చుట్టే రాగి తీగే పికప్‌లోనూ ఉంటుంది. కాకపోతే ఇది తలవెంట్రుకంత సన్నం. అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుడతారు. పైన ఉక్కు స్ట్రింగ్ కదిలినప్పుడల్లా ఆ చుట్టలో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. నైలాన్ స్ట్రింగులు వేస్తే ఈ పికప్‌కు ఏమీ వినపడదు. చుట్లు పెంచితే శబ్దం గట్టిపడుతుంది కానీ పైస్వరాల మెరుపు తగ్గుతుంది. అందుకే గట్టిగా మోగే పికప్ మంచిదని అనుకోవద్దు.

ఒకటే చుట్ట ఉంటే సింగిల్ కాయిల్. 1954లో వచ్చిన ఫెండర్ కంపెనీ గిటార్ స్ట్రాటోకాస్టర్‌లో ఇవి మూడున్నాయి. మీటితే కంచు గిన్నె మీద గోటితో కొట్టినట్టు ఖంగుమంటుంది. నాకు ప్రాణమైన శబ్దం అదే. కానీ మన కరెంటులోని 50 హెర్ట్జ్ గుయ్యిమనే మోతను కూడా అది పట్టేస్తుంది. ట్యూబ్‌లైట్ కింద గిటార్ పట్టుకుని మెల్లగా ఒక చుట్టు తిరగండి. ఒక దిక్కున మోత పెరుగుతుంది, ఇంకో దిక్కున తగ్గుతుంది.

గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ దీనికి మందు కనిపెట్టి 1955లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, రెండోదానికి చుట్టు దిశనూ, అయస్కాంతం ధ్రువాన్నీ తిరగేశారు. బయటి మోత రెండిట్లో ఎదురెదురుగా పుట్టి చెల్లిపోతుంది. స్ట్రింగ్ శబ్దానికి మాత్రం రెండుసార్లు తిరగేసినట్టవుతుంది కాబట్టి రెండూ కలుస్తాయి. ఇదే హంబకర్. శబ్దం లావుగా, గుండ్రంగా ఉంటుంది.

పికప్ ఎక్కడుందన్నదీ ముఖ్యమే. మెడ దగ్గరిది మెత్తగా, బ్రిడ్జి (బాడీ మీద స్ట్రింగులు ఆనే చోటు) దగ్గరిది పదునుగా పలుకుతుంది. బ్రిడ్జి దగ్గర స్ట్రింగ్ ఊపు తక్కువ కదా.

నా దగ్గర నేర్చుకునే ఒక తమ్ముడు "పికప్ పాడైంది, మార్చాలన్నా" అంటూ వచ్చాడు. లావు స్ట్రింగ్ శ్రుతి, బాడీ వైపు ఫ్రెట్లలో (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు) తప్పి ఊగుతోంది. పికప్ మరీ పైకుండి, అయస్కాంతం స్ట్రింగ్‌ను లాగుతోంది. స్క్రూడ్రైవర్‌తో దించాను, సరిపోయింది. మీరూ చివరి ఫ్రెట్ నొక్కి సందు కొలవండి. సింగిల్ కాయిల్‌కు లావు స్ట్రింగ్ వైపు సుమారు 2.5 మిల్లీమీటర్లు, సన్న స్ట్రింగ్ వైపు 2 ఉంచి మొదలుపెట్టండి. అర చుట్టు తిప్పడం, మీటడం, వినడం.

ఈ వారం సాధన: ఒకే స్వరాన్ని, ఏ పికప్ మోగాలో ఎంచుకునే స్విచ్ ప్రతి స్థానంలో పదిసార్లు మీటి, విన్నది నోట్‌బుక్‌లో రాయండి. వచ్చే పాఠంలో టోన్ నాబ్ విప్పేటప్పుడు ఆ పేజీ కావాలి.