డిలీట్ కొట్టినా మెయిల్ సైజు తగ్గట్లేదా?

మా కడపలో బండల వ్యాపారం చేసే ఆఫీసుల్లో ఏ సిస్టమ్ చూసినా ఒకటే కత, బండల ఫోటోలు, లారీ బిల్లులు, ఇన్‌వాయిస్‌లు అన్నీ ఒకే ఇన్‌బాక్స్‌లో పడి మెయిల్ చూసుకునే ప్రోగ్రామ్ థండర్‌బర్డ్ ఓపెన్ అయ్యేకి పోయి టీ తాగొచ్చేంత సేపు పడతాంటాది. పాతవి డిలీట్ చేస్తారు, సైజు మాత్రం కదలదు. ఎందుకంటే థండర్‌బర్డ్ మామూలుగా ఒక్కో ఫోల్డర్‌ని ఒకటే పెద్ద ఫైల్‌గా పెట్టుకుంటాది, ఎంబాక్స్ అంటారు దాన్ని. మనం డిలీట్ కొడితే ఆ మెయిల్‌కి ఒక గుర్తు పెట్టి కనపడకుండా చేస్తాది అంతే, ఫైల్‌లో అది అట్లే ఉంటాది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి కాంపాక్ట్ నొక్కితే నిజంగా పోతాది, ట్రాష్ కూడా ఖాళీ చేయాల. కాంపాక్ట్ చేసేటప్పుడు కొత్త ఫైల్ రాసుకుంటాది కాబట్టి డిస్క్‌లో జాగా ఉండాల, ఇంక మన కరెంటు సంగతి తెలిసిందే కదా, ముందు ప్రొఫైల్, అంటే థండర్‌బర్డ్ మన మెయిల్స్, సెట్టింగ్స్ పెట్టుకునే ఫోల్డర్, కాపీ తీసిపెట్టుకోండి.

ఇంకోటి, మెయిల్స్ సెలెక్ట్ చేసి ఆర్కైవ్ కొడితే 2022, 2023 అని ఏడాది ఫోల్డర్లు అదే చేసుకుంటాది. కాకపోతే ఐమాప్ అకౌంట్ (మెయిల్స్ సర్వర్‌లోనే ఉండే రకం) అయితే ఆర్కైవ్ కూడా సర్వర్‌లోనే కూర్చుంటాది, అకౌంట్ సెట్టింగ్స్‌లో లోకల్ ఫోల్డర్స్‌కి, అంటే మన కంప్యూటర్‌లోకే, మార్చండి, అట్ల మార్చినాక మాత్రం బ్యాకప్ మన బాధ్యతే. బ్యాకప్ పెట్టుకునే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ తీసుకోదు, ఏడాదివారీగా ఉంటే ఆ గోల కూడా చాలావరకు తప్పుతాది.