బాలమురళి గారిని చూసి సాధన చేయడం ఎలా

పాట నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు నేను ముందుగా చెప్పేది, ఒక వాద్యం కూడా పట్టమని. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు గాయకుడిగా అంత పేరున్నా వయోలా, మృదంగం, కంజీరా వాయించేవారు. పక్కవాద్యానికి కూర్చుంటేనే ఎదుటివారి మనోధర్మం, అంటే అప్పటికప్పుడు రాగాన్ని అల్లే తీరు, చెవికెక్కుతుంది.

తరవాత స్వరాలు తగ్గించండి. ఆయన సృష్టించిన లవంగి రాగంలో ఉన్నవి నాలుగే: స, రి, మ, ద. శ్రుతి పెట్టుకుని రిషభం (రి) నుంచి మధ్యమానికి (మ) మెల్లగా వెళ్లండి. గొంతు అలవాటుకొద్దీ మధ్యలో ఈ రాగంలో లేని గాంధారాన్ని (గ) తాకబోతుంది, అక్కడే ఆగి మళ్లీ పట్టండి. విసుగొచ్చినా వదలొద్దు, ఇంతకన్నా మంచి సాధన నాకు తెలియదు.

బిరుదుల ఊసు ఇప్పుడే వద్దు. ఎనిమిదేళ్లకే కచేరీ చేసిన ఆయనకే పద్మవిభూషణ్ వచ్చింది దశాబ్దాల తరవాత, 1991లో.

చిన్న వయసులోనే 72 మేళకర్తల్లోనూ (ఏడు స్వరాలూ ఉండే మూల రాగాల్లో) కృతులు కట్టారాయన. మీరు ఒక్కో మేళకర్త తీసుకోండి. ఆరోహణ (స్వరాలు పైకెక్కే వరస), అవరోహణ (కిందికి దిగే వరస) మూడు కాలాల్లోనూ, అంటే మూడు వేగాల్లోనూ, తేటగా పలికాకే తరవాతిదానికి వెళ్లండి.