వాలంటీర్ల నిర్వహణ: 4వ పాఠం – ప్రశ్న పట్టుకుని వెతకడం

పోయిన పాఠంలో మీ వాలంటీర్లు చేసే పనులన్నీ రాసి, ఏ పని దగ్గర ఎక్కువ మంది మానేస్తున్నారో గుర్తు పెట్టమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఈ రోజు పాఠమంతా దాని మీదే.

మన పనికి ఆన్‌లైన్‌లో దొరికే సామగ్రికి కొదవ లేదు. చిక్కల్లా, కనిపించినదల్లా సేవ్ చేసుకుంటూ పోతే ఏదీ చదవం. అందుకే ముందు ప్రశ్న రాయండి. ‘వాలంటీర్లను నిలుపుకోవడం ఎలా?’ అని కాదు, అది మరీ పెద్దది. ‘ఫోన్‌లో మాట్లాడే పనికి వచ్చినవాళ్ళు మూడో వారానికే ఎందుకు ఆగిపోతున్నారు?’ అనేది వెతకదగ్గ ప్రశ్న.

ఇప్పుడు దాన్ని ఒక మంచి పత్రం పక్కన పెట్టి చూద్దాం. వాలంటీరింగ్ ఆస్ట్రేలియా అనే సంస్థ వాలంటీర్ల నిర్వహణకు 8 జాతీయ ప్రమాణాలు ప్రచురించింది. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. పని వివరణ, ఎంపిక, తోడ్పాటు, భద్రత, గుర్తింపు ఇలా ఒక్కొక్కటీ విడిగా ఉంటాయి. ఒక్కోదాని దగ్గర ఆగి అడగండి: పని ఏమిటో చేరకముందే చెప్పామా? మొదటి కష్టమైన ఫోన్ తర్వాత వాళ్ళతో ఎవరైనా మాట్లాడారా? నేను చూసినంతలో చాలాచోట్ల లోటు ఈ రెండో ప్రశ్న దగ్గరే బయటపడుతుంది. ఓరియెంటేషన్ రోజున అందరం ఉంటాం, ఆ తర్వాత వాళ్ళను ఒంటరిగా వదిలేస్తాం.

ఇంగ్లండ్‌లో స్వచ్ఛంద సంస్థలకు తోడ్పడే ఎన్‌సీవీవో అనే సంస్థ మార్గదర్శకాలు కూడా తేలిక భాషలో ఉంటాయి. అయితే అందులో చట్టానికి సంబంధించిన భాగం ఆ దేశానిది. పద్ధతి తీసుకోండి, నిబంధనలు మాత్రం మీ చోటివే చూసుకోండి.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. ఒకసారి ఒక్కరోజు కార్యక్రమానికి, పిల్లలతో ఏడాది పొడవునా పనిచేసేవారి కోసం తయారైన దరఖాస్తును యథాతథంగా వాడాను. అన్ని పేజీలు చూసి చాలామంది నింపకుండానే వెళ్ళిపోయారు. ఫారం మంచిదే, అది మా పని కోసం రాసింది కాదు, అంతే. ఏ టెంప్లేట్ తీసుకున్నా ‘ఇది ఎవరి కోసం, ఎలాంటి పని కోసం రాశారు?’ అని ముందు అడగండి. అక్కర్లేని ప్రశ్న ఒక్కటున్నా కొట్టేయండి.

దీన్నే వృత్తిగా తీసుకోవాలనుకునేవారు సీసీవీఏ అనే సంస్థ వాలంటీర్ల నిర్వహణలో పరీక్ష పెట్టి ఇచ్చే సీవీఏ సర్టిఫికెట్ గురించి తెలుసుకోండి. పరీక్ష రాసే ఉద్దేశం లేకపోయినా, ఈ ఉద్యోగానికి ఏయే నైపుణ్యాలు కావాలో వాళ్ళు ఇచ్చిన చట్రం చదివితే మీరెక్కడ వెనకబడ్డారో తెలుస్తుంది. ఏటా నవంబర్ 5న అంతర్జాతీయ వాలంటీర్ మేనేజర్ల దినోత్సవం. ఆ తేదీకి అటూ ఇటూ వెబినార్లు జరుగుతుంటాయి, కన్నేసి ఉంచండి.

ఈ వారం అభ్యాసం: మీ ప్రశ్న ఒక్క వాక్యంలో రాయండి. దానికి పనికొచ్చే పత్రం ఒక్కటే ఎంచుకోండి. అందులోంచి ఒక్క మార్పు తీసుకుని ఇద్దరు వాలంటీర్లకు చూపించి, ‘ఇది మీకు ఉపయోగమేనా?’ అని అడగండి. వాళ్ళన్న మాటలను వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. 5వ పాఠంలో వాటితోనే పని వివరణ పత్రం తిరగరాస్తాం.